14 దగ్గర నిలిచిన ముల్లు

1948 మోడలు షెవర్లే కారులో ఆయిలు ప్రెషరు ముల్లు 14 దగ్గర నిలబడితే ఇంజను ఆరోగ్యంగా ఉందని అర్థం. బాగా వేడెక్కాక బండిని ఒకచోట ఆపి ఇంజనును ఊరికే తిరగనిస్తే ముల్లు ఇంకా జారుతుంది, ఇంచుమించు సున్నా వైపు వెళ్తుంది. అదీ మామూలే. అసలు ఆ మీటరు మీద అంకెలే 30తో అయిపోతాయి. ఈ మాత్రం సంగతి 2002లో నేను తెలుసుకుని ఉంటే మా తాతగారి కారు ఇవాళ తన సొంత ఇంజనుతో ఆత్రేయపురం కాలవగట్టు మీద తిరుగుతూ ఉండేది. తెలియక చేశానని సరిపెట్టుకుందామంటే కుదరదు. తెలిసిన మనిషి మా వాకిట్లో నిలబడి అర్థమయ్యేలా చెప్పాడు. నేను వినిపించుకోలేదు. ఆ ఇంజనును పాత ఇనుము కింద తూకానికి అమ్మేశాను.

ఆ కారు మా ఇంటికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. యుద్ధం రోజుల్లో పెట్రోలుకి రేషను. మా వైపు బస్సులు బొగ్గు కాల్చి ఆ గ్యాసుతో నడిచేవి. బొగ్గుబస్సు ఎక్కి దిగితే పంచె మీద మసి ఎంత పడేదో తాతగారు పోయేదాకా చెబుతూనే ఉన్నారు. అమెరికాలో అయితే 1942 ఫిబ్రవరిలో జనానికి కార్లు తయారుచెయ్యడమే ఆపేశారు. ఫ్యాక్టరీలన్నీ యుద్ధ సామగ్రికి మళ్ళాయి. 1945 చివర్లో మళ్ళీ కార్లు మొదలుపెట్టినప్పుడు కొత్త డిజైన్లు గీసే తీరిక లేక, యుద్ధానికి ముందు ఆపేసిన నమూనాలకే ముందు జాలీ మార్చి, మెరుగులు దిద్ది బయటికి వదిలారు. మా షెవర్లే ఫ్లీట్‌మాస్టరు ఆ కోవలోదే. 1949లో షెవర్లే ఆకారం పూర్తిగా మారిపోయింది కాబట్టి ఆ పాత వంశంలో ఇది చివరిది.

జనరల్ మోటార్స్ వాళ్ళకి 1928 నుంచీ బొంబాయి శివ్డీలో ఫ్యాక్టరీ ఉండేది. పెట్టెల్లో విడిభాగాలుగా ఓడ దిగిన కార్లని అక్కడ బిగించేవారు. స్టీరింగు కుడివైపే. తాతగారు మద్రాసులో కొన్నారు. కారు రైలు వ్యాగన్లో రాజమండ్రి దాకా వచ్చింది. అప్పటికి ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్టే, మీదుగా కారు వచ్చే దారి లేదు. ఇప్పుడు మనం నడుస్తున్న బ్యారేజీ పనులు 1970లో మొదలై 1982కి గానీ పూర్తి కాలేదు. అందుకని కారును రేవులో పంటు మీదికి ఎక్కించి, నది దాటించి, బొబ్బర్లంక వైపు దించారు. పంటు మీదికి ఎక్కించడానికి రాజమండ్రిలో ఎవరూ ధైర్యం చెయ్యకపోతే ఒక కుర్రాడు ముందుకొచ్చాడట. రెండు బల్లల మీద చక్రాలు పట్టించి, అంగుళం పక్కకి పోకుండా ఎక్కించాడట. తాతగారు అక్కడికక్కడే జీతం మాట్లాడేశారు. ఆ కుర్రాడే తర్వాత ఆ కారుని పాతికేళ్ళు నడిపాడు. ఊరంతా ఆయన్ని డ్రైవరుగారనే పిలిచింది. నాకంటే పాతికేళ్ళకు పైగా పెద్దవాడు. నేను మాత్రం మా ఇంట్లో అలవాటు చొప్పున నువ్వు అనే అనేవాణ్ణి.

1954లో జనరల్ మోటార్స్ శివ్డీ ఫ్యాక్టరీ మూసేసింది. ఊరికే బిగించడం కుదరదు, ఇక్కడే తయారుచెయ్యాలని ప్రభుత్వం గట్టిగా అనేసరికి ఫోర్డు వాళ్ళూ ఆ రోజుల్లోనే వెళ్ళిపోయారు. కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు డాడ్జి, ప్లిమత్, డిసోటో బళ్ళు మరికొన్నాళ్ళు తెచ్చారు గానీ అవి మా బండికి పనికిరావు. అప్పటినుంచి మా కారుకి సామాను దొరకడం కష్టమైపోయింది. అందుకే డ్రైవరుగారు ప్రతి ముక్కనీ దాచేవాడు. అరిగిన బోల్టు కూడా పారెయ్యనిచ్చేవాడు కాదు. ఆ రోజుల్లో నాకది చాదస్తంగా కనిపించేది.

1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాక పెట్రోలు ధర చూసి తాతగారు కారుని సావిట్లో పెట్టించేశారు. మూడున్నర లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు. దానికి తాగించడం సామాన్యమైన పని కాదు. అయినా ప్రతి శుక్రవారం పొద్దున్నే డ్రైవరుగారు వచ్చి, బానెట్టు ఎత్తి, నూనె చూసి, స్టార్టు చేసి, వాకిట్లో ముందుకీ వెనక్కీ నడిపి మళ్ళీ లోపల పెట్టేవాడు. తాతగారు పోయాక జీతం ఆగిపోయింది. శుక్రవారాలు మాత్రం ఆగలేదు. నా పిల్లలకి ఆ చప్పుడు బాగా తెలుసు. వినిపించీ వినిపించనట్టు ఉండే మెత్తటి చప్పుడు అది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు కోనసీమలో గట్లు తెగాయి. ఆ రాత్రి డ్రైవరుగారు ఎవరినీ అడక్కుండా కారు తీసుకెళ్ళి కాలవగట్టు ఎత్తులో పెట్టాడు. మా నాయనమ్మా, పక్కింటి బాలింతా, ఇంకా నడవలేని పెద్దవాళ్ళూ తెల్లార్లూ అందులోనే కూర్చున్నారు. 1996 నవంబరు 6 తుఫానులో కొబ్బరిచెట్టు సావిడి మీద పడింది. దూలాలు విరిగాయి. కారు టాపు సొట్టపోయింది తప్ప చిరగలేదు. ఫిషర్ వాళ్ళ బాడీలకి టాపు మొత్తం ఒకే ఉక్కురేకు. ఆ సొట్టని కూడా డ్రైవరుగారే లోపలినుంచి చెక్కసుత్తితో ఓపిగ్గా కొట్టి పైకి లేపాడు.

ఇంత చూసినవాణ్ణి నేను 2002లో ఏం చేశానంటే, పెద్దమ్మాయి పెళ్ళికి ఆ కారు ఊరేగింపులో కనపడాలని పట్టుబట్టాను. పెళ్ళివారు రాజమండ్రి నుంచి బ్యారేజీ మీదుగా వస్తారు. అల్లుణ్ణి అందులో తీసుకురావాలి. దారిలో ఆగితే నా పరువు పోతుంది. అదొక్కటే నా భయం. కారు మీద ప్రేమ ఉందనుకున్నాను గానీ, ఇప్పుడు ఆలోచిస్తే ప్రేమంతా నా పేరు మీదే. పాతకారుని మళ్ళీ నడిపించిన మొనగాణ్ణి నేనేనని పదిమందీ అనుకోవాలి.

రాజమండ్రి నుంచి ఒక మెకానిక్కుని పిలిపించాను. జీపులూ అంబాసిడర్లూ బాగా ఎరిగిన మనిషి. ఇంజను స్టార్టు చేయించి మీటరు చూశాడు. అంబాసిడరులో 50 చూసే కళ్ళకి 14 కనిపించింది. కాసేపు తిరిగాక అదీ పడిపోయింది. బేరింగులు పోయి ఉంటాయన్నాడు. అతన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే ఆ వెంటనే అతను సరైన ప్రశ్న వేశాడు: “ఈ బండి సంగతి తెలిసినోళ్ళు పాతోళ్ళెవరైనా ఉన్నారాండీ?” డ్రైవరుగారు నాలుగడుగుల దూరంలో, చేతిలో గుడ్డతో నిలబడి ఉన్నాడు. నేను అటు చూడను కూడా లేదు.

ఆయనే ముందుకొచ్చాడు. “అదంతేనండి అబ్బాయిగారూ. దీనికి ముల్లు లెగదండి. పెద్దయ్యగారు కొన్న రోజు కాణ్ణించీ అంతేనండి. గరిటెల్తో తోడుకుంటాదండి నూనె. ఆయ్.”

“గరిటెలేంటయ్యా, ఇంజన్లో! నీకు తెలీదులే, నువ్వుండు,” అన్నాను.

మెకానిక్కు ముందు మా ఇంటి డ్రైవరు నాకు చెప్పడం నామోషీ అనిపించింది. ఇంకో కారణం వెతకనక్కర్లేదు. ఆయన ఇంకేమీ అనలేదు. గుడ్డ మడిచి బానెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

గరిటెలు నిజమే. ఆ ఇంజనులో పంపు మెయిన్ బేరింగులకీ క్యామ్‌షాఫ్టుకీ మాత్రమే ఒత్తిడితో నూనె అందిస్తుంది. కనెక్టింగ్ రాడ్లకి అందించదు. అడుగున సంపులో ఒక్కో రాడ్డు కింద ఒక్కో చిన్న తొట్టె ఉంటుంది. రాడ్డు కింది కొసకి గరిటెలాంటి ముక్క బిగించి ఉంటుంది. రాడ్డు దిగినప్పుడల్లా అది తొట్టెలో మునిగి నూనె తోడుకుంటుంది. వేగం పెరిగాక సంపులోని నాజిళ్ళనుంచి లేచే నూనెధార నేరుగా ఆ గరిటెలకే తగులుతుంది. అందుకని పంపుకి పెద్ద ఒత్తిడితో పని లేదు. రాడ్డు బేరింగులు కూడా విడిగా వచ్చే చిప్పలు కావు. తగరం ఎక్కువ పాలున్న వైట్ మెటల్ని కరిగించి రాడ్డులోనే పోతపోసి, బోరింగు పట్టి, చేత్తో గీకి సరిచేస్తారు. అరిగిన కొద్దీ మధ్యలో పెట్టిన పల్చటి షిమ్ములు ఒక్కొక్కటే తీసి బిగించుకుంటూ పోవాలి. 1954 నాటికి షెవర్లే వాళ్ళు ఈ పద్ధతి మానేసి పూర్తి ఒత్తిడికి మారిపోయారు. తర్వాతి ఇంజన్లు ఎరిగినవాళ్ళకి ఆ ముల్లు జబ్బుగా కనిపించడంలో వింతేమీ లేదు. దీన్నే పాతికేళ్ళు నడిపిన మనిషికి అలా కనిపించలేదు.

డీజిలు ఇంజను వేయించాను. పాత వ్యానుది, నాలుగు సిలిండర్లది. డీజిలు అప్పట్లో చవక. అందరూ అంబాసిడర్లకి కూడా అదే చేయిస్తున్నారు. కారులో గేరుబాక్సునుంచి వెనక ఇరుసు దాకా షాఫ్టు ఒక లావుపాటి గొట్టంలో మూసి ఉండేది. కొత్త గేరుబాక్సుకి అది అతకదు గనక కోసేశారు. స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డు తీసేసి నేలకి కన్నం పెట్టి కొత్తది నిలబెట్టారు. ఆ పాత గేరు రాడ్డుకి ఇంజను పీల్చే గాలిబలం సాయం చేసేది, వేలితో తోస్తే పడేది. వైపర్లు కూడా ఆ గాలిబలంతోనే ఆడేవి. వానలో కాలవగట్టు ఎక్కేటప్పుడు ఇంజను లాగుతుంటే వైపర్లు నెమ్మదించి, గట్టెక్కాక మళ్ళీ ఊపందుకునేవి. చిన్నప్పుడు ముందు సీట్లో కూర్చుని దాన్నే చూసేవాణ్ణి. డీజిలు ఇంజన్లో ఆ పీల్పు ఉండదు. వైపర్లు పూర్తిగా ఆగిపోయాయి. కరెంటు 6 వోల్టులనుంచి 12కి మార్చిన రోజే డాష్‌బోర్డు రేడియో మాడిపోయింది. సీట్ల ఉన్నిగుడ్డ చింపించి ఎర్ర రెక్సిను వేయించాను. అసలు రంగు గీకించి, పుట్టీ పెట్టించి, మెరిసే తెల్లరంగు కొట్టించాను. ఆర్టీవో ఆఫీసులో అర్జీ పెట్టుకుని ఆర్‌సీ పుస్తకంలో ఇంజను నంబరూ ఇంధనమూ మార్పించాను. అన్నీ సక్రమంగా, నా సంతకంతోనే జరిగాయి.

పాత ఇంజను వాకిట్లో వేపచెట్టు కింద కొన్నాళ్ళుంది. పెళ్ళిపందిరికి అడ్డమని తూకంవాణ్ణి పిలిపించి ఇచ్చేశాను.

పెళ్ళి బాగానే జరిగింది. కారు ఎక్కడా ఆగలేదు. లొల్ల లాకుల దగ్గర నిలబెట్టి ఫొటోలు కూడా తీయించాను. పెళ్ళికూతురు కారెక్కగానే, “నాన్నా, ఇది మన శుక్రవారం చప్పుడు కాదు,” అంది. డీజిలు ఇంజను అదురుకి అద్దాలు గడగడమన్నాయి. ఏడాది తిరక్కముందే డోరు అతుకుల దగ్గర రేకు పగిలింది. ముందు స్ప్రింగులు కుంగాయి. తర్వాత సావిట్లో పెట్టి తలుపేశాను. శుక్రవారాలు చెయ్యడానికి ఎవరూ రాలేదు. నేను పిలవనూ లేదు. డ్రైవరుగారు 2009లో పోయారు.

చాలా కాలానికి హైదరాబాదు వెళ్ళినప్పుడు పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చూశాను. అక్కడ రోల్స్ రాయిస్ పక్కన ఒక ప్యాకార్డు ఉంది. మావి జమీందారీలూ కావు, నిజాములతో మాకు పోలికా లేదు. అయినా అమెరికా బండి కదా అని దాని దగ్గరే నిలబడిపోయాను. ఇందులో దాని ఇంజనే ఉందా అని ఎవరినైనా అడగాలనిపించింది. అప్పుడు మొదటిసారిగా నా కారు గురించి సిగ్గేసింది. ఇంటికొచ్చి తాతగారి రేకుపెట్టె తీశాను. ఆర్‌సీ, పన్ను రసీదులు, వాటి అడుగున కంపెనీవాళ్ళ చిన్న పుస్తకం. నా చిన్నప్పటినుంచీ అక్కడే ఉంది. బొమ్మలు చూసేవాణ్ణి. బి.ఏ. చదివినవాణ్ణి, ఇంగ్లీషు వార్తాపత్రిక రోజూ చదివేవాణ్ణి, ఆ పుస్తకం మాత్రం ఎన్నడూ చదవలేదు. తొట్టెలూ గరిటెలూ నాజిళ్ళూ బొమ్మతో సహా అందులో ఉన్నాయి. డ్రైవరుగారికి ఇంగ్లీషు అక్షరం రాదు.

ఆయన ఇంటికి వెళ్ళాను. కోడలు వీధి అరుగు పక్కన బోర్లించిన కుండ మీద పూతరేకులు తీస్తోంది. కొబ్బరాకు మంట, జయ బియ్యపు పాలలో తడిపిన గుడ్డ. 2023లో మా ఊరి పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందునుంచే ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఆ కుండ మీదే నిలబడ్డాయి. నేను వచ్చిన పని చెబితే ఆమె మంట తగ్గించి, లోపలికెళ్ళి ఒక చెక్కపెట్టె తెచ్చింది. మావయ్యగారు జాగర్త చెయ్యమన్నారండీ అంది. అందులో గుడ్డలో చుట్టిన కార్టర్ కార్బొరేటరు, డిస్ట్రిబ్యూటరు, పొట్లంలో షిమ్ములు, రెండు గరిటెలు, స్టార్టింగు హ్యాండిలు ఉన్నాయి. తూకంవాడి బండి కాలవ మలుపు తిరిగాక ఆయన దాన్ని ఆపి, తన డబ్బు పెట్టి అవి కొనుక్కున్నాడట. ఇంజను మొత్తం కొనే స్తోమత లేకపోయింది. నన్ను అడగడం ఇష్టం లేకపోయింది.

ఆ పెట్టె చేతిలో పెట్టుకుని ఆ అరుగు మీద నేను ఏడ్చాను. అది రాయకుండా ఈ కథ చెప్పడం కుదరదు.

అక్కణ్ణించి ఇంజను కోసం వెతుకులాట. మా ఇంజను ఎప్పుడో కరిగి ఇంకేదో అయిపోయి ఉంటుంది. అయితే అదే రకం ఇంజను 1940లలో షెవర్లే లారీలకీ బస్సులకీ కూడా వాడారు. తాడేపల్లిగూడెం వైపు ఒక రైసుమిల్లు వెనక షెడ్డులో ఒకటి దొరికింది. లారీ పోయాక దాన్ని కొన్నాళ్ళు నీళ్ళు తోడడానికి వాడి వదిలేశారు. బ్లాకు పగలలేదు. వైట్ మెటల్ పోత పోసేవాళ్ళు ఇప్పుడు అరుదు. చెరకుమిల్లుల బేరింగులకి పోసే ఒక ముసలి మేస్త్రి దయతలచి రాడ్లకి పోసిపెట్టాడు. కోసేసిన షాఫ్టు గొట్టానికి బదులు వెతకడం, నేలకి పెట్టిన కన్నం పూడ్చడం, 6 వోల్టుల వైరింగు మళ్ళీ లాగడం, చెడగొట్టడానికి పట్టిన కాలానికి ఎన్నో రెట్లు ఇవి తినేశాయి. డబ్బు మాట మా ఆవిడ దగ్గర ఇప్పటికీ ఎత్తను. కార్బొరేటరూ డిస్ట్రిబ్యూటరూ మాత్రం డ్రైవరుగారి పెట్టెలోవే బిగించాం. మొదటిసారి స్టార్టయినప్పుడు ముల్లు 14 దగ్గరికి వచ్చి నిలబడింది.

2021 జులైలో కేంద్రం పాత వాహనాలకి వేరే రిజిస్ట్రేషను తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళకి చెల్లుతుంది, తర్వాత మళ్ళీ 5,000. రోజువారీ తిరుగుళ్ళకి వాడకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళొచ్చు. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. ఆ షరతు చదివి చాలాసేపు కూర్చున్నాను. తాతగారు నాకు అప్పగించిన కారు ఆ షరతుకి అక్షరాలా సరిపోతుంది. నేను మనవడికి అప్పగించబోయే కారు సరిపోదు.

దీనికి కూడా దారి ఉందని ఒకాయన చెప్పాడు. షెవర్లే ఇంజనుకి నంబరు బ్లాకు కుడిపక్క, డిస్ట్రిబ్యూటరు దగ్గర చిన్న మెట్టు మీద కొట్టి ఉంటుంది. లారీ నంబరు అరగదీసి, తాతగారి ఆర్‌సీలో ఉన్న పాత నంబరు పంచి కొట్టేస్తే ఎవరికీ తెలియదట. నాకొద్దన్నాను. ఆ మెట్టు మీద లారీ నంబరే ఉంది. దరఖాస్తు పెట్టలేదు. మామూలు ఆర్‌సీలో డీజిలు అన్న మాట కొట్టేయించి మళ్ళీ పెట్రోలు అని రాయించుకోవడానికి ఉన్నది ఉన్నట్టు అర్జీ పెట్టాను. అది ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు శుక్రవారాలు చేసేది డ్రైవరుగారి మనవడు. ఐటీఐ చదివాడు, వేరే ఉద్యోగం ఉంది, పొద్దున్నే వచ్చి వెళ్తాడు. అతన్ని మీరు అనే పిలుస్తాను. చిన్నప్పుడు వాళ్ళ తాతగారి వెనక తిరిగి విన్నవన్నీ అతనికి గుర్తున్నాయి. అతను చెబుతుంటే నేను పుస్తకంలో రాసుకుంటున్నాను. కిందటి శుక్రవారం రాసుకున్నది ఇది: వారం రోజులు నిలబెట్టిన బండిని నేరుగా స్టార్టరుతో తిప్పకూడదు. ముందు హ్యాండిలు పెట్టి చేత్తో నాలుగైదు చుట్లు తిప్పాలి. స్టార్టయ్యాక ముల్లు స్థిరపడేదాకా గేరు వెయ్యకూడదు, తొట్టెలు నిండనివ్వాలి. బ్యారేజీ దాటేదాకా తొందరపెట్టకూడదు.